అంకాలమ్మ విరిచిన పుల్ల

అంకాలమ్మకు కోపం రావడం ఎంత సులువో, వచ్చిన కోపం పోవడం అంత కష్టం. తర్లుపాడుకు ఎగువన, కొండవాలులో ఉన్న ఆ చిన్న పల్లెలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. ఆమె గొంతు వినబడితే కొమ్ములు తిరిగిన పొట్టేళ్ళు కూడా పక్కకు తప్పుకుంటాయని కుర్రకారు నవ్వుకునేవాళ్ళు. ఆమె ఎదుట కాదు లెండి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఐదారేళ్ళయిన రోజులవి. మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉంది. రాష్ట్రం ఏదో, జిల్లా ఏదో అంకాలమ్మ ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆమెకు లోకమంటే ఒక గొర్రెల మంద, రెండెకరాల మెట్ట, ఆ మెట్ట చివర రెండు కొట్టాలు. ఒక కొట్టంలో తను ఉంటుంది. రెండో దాంట్లో శ్రీశైలమ్మ ఉంటుంది.

శ్రీశైలమ్మ చుట్టం కాదు, పక్కం కాదు. మొగుడు పోయి, అత్తింటివాళ్ళు గెంటేస్తే, కొమరోలు వైపు నుంచి గొర్రెల కాపరుల వెంట నడిచి నడిచి ఇక్కడికి చేరింది. పొద్దున్నే మందను తోలుకుపోతుంది, పొద్దుగూకి వస్తుంది. ఉన్నంతలో సంగటి కెలికి ముసలమ్మకు ఇంత పెట్టి తను ఇంత తింటుంది. మాటలు చాలా తక్కువ. "నా తర్వాత ఈ కొట్టం, ఈ చేను నీయే" అని అంకాలమ్మ ఆమెకు మాట ఇచ్చింది. శ్రీశైలమ్మ ఆ వారమే తన కొట్టానికి కొత్త బోదగడ్డి కప్పుకుంది. తనది అనుకున్న ఇంటికే ఎవరైనా అట్లా కప్పుకుంటారు.

అసలు ఆ చేను యల్లయ్యది కావలసింది.

యల్లయ్య అంకాలమ్మ మరిది కొడుకు. తల్లీ తండ్రీ ఒకే ఏడాది పోతే, నడక వచ్చీరాని పిల్లవాణ్ణి సంకన వేసుకుని తెచ్చింది అంకాలమ్మ. తనకు కడుపు పండలేదు. భర్త కాటమరాజు మందతో అడవులు పట్టి తిరిగే మనిషి. కాబట్టి ఆమె కోపాన్నీ ప్రేమనూ మోసినవాడు ఆ పిల్లవాడొక్కడే. తర్లుపాడు బడిలో వేసి, పేరు రాయడం వచ్చేదాకా చదివించింది. రెండెకరాలు కాటమరాజు ఆమె పేరిట కొన్నాడు. రేపు దాయాదులు గొడవ చేస్తారేమోనని, భర్త ఉండగానే మార్కాపురం వెళ్ళి, చేను యల్లయ్యకు చెందేటట్టు వీలునామా రాయించి రిజిస్టరు చేయించింది.

తర్వాత కాటమరాజుకు జ్వరం పట్టుకుంది. పలకల కార్ఖానాలో పని ఇప్పిస్తామని కబురొస్తే, పెదనాన్న మంచంలో ఉండగానే యల్లయ్య మార్కాపురం వెళ్ళాడు. ఆ రాత్రే ఎగువన కుంభవృష్టి. దారిలోని వాగు పొంగింది. ఇవతల కాటమరాజు ప్రాణం పోయింది, అవతల ఒడ్డున యల్లయ్య నిలబడిపోయాడు. వాగు తగ్గి అతను వచ్చేసరికి, కొడుకులా పెంచుకున్నవాడు పెట్టవలసిన కొరివి ఎవరో దూరపు దాయాది పెట్టేశాడు.

అతను వాగు సంగతి చెప్పబోయాడు. అంకాలమ్మ వింటే కదా. పెద్దదినం నాడు కులపెద్దలు కూర్చున్నప్పుడు, వాళ్ళలో పెద్దమనిషి ఊఁ అనగానే చూరులోంచి ఒక ఎండుపుల్ల లాగి అందరి ముందూ రెండుగా విరిచింది. ఆ కులంలో పుల్ల విరవడమంటే చిన్న సంగతి కాదు. ఆ నిమిషం నుంచి ఆ ఇద్దరూ ఒకరికొకరు ఏమీ కారు. ఒకరింటి నిప్పు, నీళ్ళు ఇంకొకరు ముట్టరు. ఒకరినొకరు పేరు పెట్టి పలకరించుకోరు. మళ్ళీ కలవాలంటే పుల్ల విరిపించిన ఆ పెద్దమనిషే కూర్చోబెట్టి కలపాలి. యల్లయ్య మార్కాపురం వెళ్ళిపోయి అక్కడే ఉండిపోయాడు. పుల్ల ముక్కల్లో ఒకటి పెంట మీద పడింది. రెండోదాన్ని అంకాలమ్మ ఎందుకో పారేయలేదు. వీలునామా కాగితం మీద బొగ్గుముక్కతో అడ్డంగా గీత గీసి, అందులో ఆ పుల్లముక్కను చుట్టి పెట్టెలో పడేసింది.

ఆ గీతతో, ఆ పుల్లతో వీలునామా చచ్చిపోయిందని ఆమె నమ్మింది. పల్లె అంతా అట్లాగే నమ్మింది. వాగు సంగతి నిజమేనని ఆమెకు తర్వాత నలుగురి నోటా తెలిసింది. తెలిసి మాత్రం ఏం చేస్తుంది? పుల్ల విరిగిపోయింది.

ఈ ఏడు చలికాలంలో ఆమెకు ఆయాసం ఎక్కువైంది. శ్రీశైలమ్మ పేరు మీద ఒక కాగితం రాయించి పెడదామని, పాత కాగితం కొంగున కట్టుకుని బస్సెక్కి మార్కాపురం వెళ్ళింది. రిజిస్ట్రారు ఆఫీసు అరుగు మీద దస్తావేజులు రాసే వెంకటసుబ్బయ్య ఉన్నాడు. పాత వీలునామా రాసింది కూడా ఆయనే. ముక్కు మీద కళ్ళజోడు, చెవి మీద కలం, నోట్లో ఎప్పుడూ సగం నమిలిన మాట.

కాగితం విప్పగానే పుల్లముక్క ఆయన ఒళ్ళో పడింది.

"ఇదేందమ్మా?"

"పుల్ల విరిచినాను స్వామీ. వానికీ నాకూ లేదు. ఆ కాగితం ఎప్పుడో పోయింది. ఇప్పుడు శ్రీశైలమ్మకు కొత్తది రాయి."

వెంకటసుబ్బయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయనకు అది మంచి అలవాటు. ఎదుటి మనిషి తల మీద పిడుగు వేసే ముందు కళ్ళజోడు తుడుచుకుంటాడు.

"అంకాలమ్మా, పుల్ల మీ కులంలో చెల్లుతుంది. సర్కారుకు పుల్ల తెలియదు. ఈ వీలునామా నిక్షేపంగా ఉంది."

"బొగ్గుతో గీత గీసినాను కదా."

"గీతలు గీస్తే రద్దు కాదమ్మా. నువ్వు పోయినాక ఆ గీత ఎవరు గీసినారో ఎవరికి తెలుసు? రద్దు చెయ్యాలంటే దోవలు ఉన్నాయి. ఇంకో వీలునామా రాసి, మునుపటిది చెల్లదని అందులో చెప్పడం ఒకటి. ఉత్త రద్దు కాగితమే రాయడం ఇంకొకటి, అది కూడా వీలునామా లాగానే సాక్షుల ఎదుట రాయాల. లేదంటే రద్దు చెయ్యాలనే మనసుతో నీ చేత్తో చించెయ్యి, కాల్చెయ్యి. నువ్వు చెప్తే నీ కళ్ళెదుట ఇంకొకరు చించినా సరే. మనిషి బతికున్నంత కాలం, బుద్ధి సరిగా ఉన్నంత కాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. చట్టానికి మనమీద అంత దయ ఉంది."

"అయితే ఇప్పుడే చించేస్తా. ఇట్లివ్వు."

"చించితే ఏమవుతుంది? వీలునామా లేకుండా నువ్వు పోతే, నీకు బిడ్డలు లేరు గాబట్టి ఆస్తి నీ మొగుని వైపు వాళ్ళకు పోతుంది. అంటే ఎవరికి? ఆ యల్లయ్యకే. చించినా వానికే, ఉంచినా వానికే. శ్రీశైలమ్మకు రావాలంటే కొత్తది రాయాల్సిందే."

కాగితం కోసం చాపిన చెయ్యి అంకాలమ్మ వెనక్కు తీసుకుంది. ఇన్నేళ్ళూ శ్రీశైలమ్మకు ఉత్త గాలిని రాసిచ్చింది తను. రేపు తను కన్నుమూస్తే, కొత్త గడ్డి కప్పుకున్న ఆ కొట్టంలోంచి ఆమెను లేచిపొమ్మనడానికి చేను చేరినవాడికి హక్కు ఉంటుంది. మళ్ళీ ఏ మంద వెంట నడవాలో ఆమె.

"రాయి మరి" అంది.

"రాస్తా. నువ్వు వేలిముద్ర వేస్తుంటే కళ్ళారా చూసి, నీ ఎదుట సంతకాలు పెట్టే సాక్షులు ఇద్దరు కావాల. శ్రీశైలమ్మను పెట్టుకోవద్దు, ఆస్తి పొందే మనిషే సాక్షి అయితే అనుమానిస్తారు. నిన్ను బాగా ఎరిగినవాళ్ళు కావాల. ముఖ్యంగా నీకంటే చిన్నవాళ్ళు కావాల. ఎందుకంటే రేపు ఎవరన్నా కాదంటే, కోర్టుకొచ్చి 'అవును, ఈమె వేలిముద్ర వెయ్యడం నేను చూసినాను' అని చెప్పాల్సింది వాళ్ళే. అప్పటికి నువ్వుండవు. ఆ ఇద్దరినీ తెచ్చుకో. ఆ పని అయిపోయినట్టే."

ఇద్దరు మనుషులు. అంతకంటే తేలికైన పని ఏముంటుంది అనుకుంది అంకాలమ్మ, తిరుగు బస్సులో.

పల్లెకు వచ్చి ముందు పుల్ల విరిపించిన కులపెద్ద ఇంటికి వెళ్ళింది. ఆ పెద్దమనిషి పోయి రెండు వానకాలాలయింది. ఆయన కొడుకు మంచం వాల్చి కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, "అవన్నీ మా నాయన ఉన్నప్పటి మాటలు పెద్దమ్మా, నన్ను లాగొద్దు" అన్నాడు. ఇంకొకాయన బర్రె ఈనడానికి ఉందని, కదిలేందుకు లేదని చెప్పాడు. ఆ బర్రె నెల దాటినా ఈనలేదు. దానికి మాత్రం ఏం తొందర, యజమానికి సాయం చేస్తున్నప్పుడు? మూడో ఆయన ముఖం మీదే చెప్పాడు.

"యల్లయ్య మన రక్తం. రేపు వాడు ఊళ్ళోకి వస్తే వాని ముఖం నేను చూడాల కదా. యాడిదో తెలియని ఆడమనిషికి చేను పోవడానికి నేను సంతకం పెట్టినానంటే ఏమంటారు? నువ్వేమో..." అని ఆగిపోయాడు.

"నేనేమో రేపో మాపో పోయేదాన్ని. అనురా, తప్పేముంది" అంది అంకాలమ్మ.

ఆ వారం ఆమె తిరగని గడప లేదు. ఎవరూ కసురుకోలేదు. అందరూ మజ్జిగ ఇచ్చారు. మజ్జిగ తాగి తాగి కడుపు నిండింది గాని సాక్షి దొరకలేదు. ఎవరి కాన్పుకు తను వేడినీళ్ళు కాచిందో, ఎవరి పెళ్ళికి పొట్టేలును తోలిచ్చిందో ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ నడిచి వస్తుంటే, ఆమెకు ఒంటరితనం అంటే ఏమిటో మొదటిసారి తెలిసింది. ఇంట్లో ఎవరూ లేకపోవడం కాదది, దానికి ఆమె ఎప్పుడో అలవాటు పడింది. తను పోయాక 'అవును, ఆమె నాకు తెలుసు' అని చెప్పడానికి ఊరు మొత్తంలో ఇద్దరు లేకపోవడం. ఇంటికి వచ్చి చీకటి పడకుండానే పడుకుంది. సంగటి వద్దంది. శ్రీశైలమ్మ గిన్నె మీద మూత పెట్టి, తనూ తినకుండా తన కొట్టానికి వెళ్ళింది.

ఆఖరికి ఒప్పుకున్నవాడు అబ్బాస్ అలీ. తర్లుపాడులో ఉంటాడు, పల్లెపల్లెకూ సైకిలు మీద తిరిగి బొచ్చూ తోళ్ళూ కొంటాడు. అంకాలమ్మ దగ్గర తిట్లు తినని నెల లేదతనికి.

"నేనొస్తా అవ్వా. నువ్వు నన్ను తిట్టినవన్నీ నాకు గుర్తున్నాయి. నిన్ను ఎరగనని ఎట్ల అంటాను?" అన్నాడు.

"రెండోవాడో?"

"ఆడికి పోయినాక చూస్తాం. దేవుడు ఊరికే ఉంటాడా?"

అనుకున్న రోజున ఇద్దరూ మార్కాపురం చేరారు. వెంకటసుబ్బయ్య కొత్త వీలునామా చిత్తు రాసి పెట్టాడు. రెండో సాక్షి లేడనగానే, ఎదుటి చెట్టు కింద చుట్ట కాలుస్తున్న ఒక మనిషిని చూపించాడు. టీ తాగిస్తే ఎవరికైనా సాక్షి సంతకం పెట్టే మనిషట. అంకాలమ్మ అతనివైపు చూసింది. అతనూ ఆమెవైపు చూసి దండం పెట్టాడు.

"వద్దు" అంది. "నా ముఖం తెలియనోడు నాకు సాక్షి ఏంది? రేపు శ్రీశైలమ్మ వాన్ని యాడని ఎతుకుతాది?"

అబ్బాస్ అలీ "ఇప్పుడే వస్తా" అని సైకిలు అద్దెకు తీసుకుని వెళ్ళిపోయాడు. అంకాలమ్మ అరుగు అంచున కూర్చుంది. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ ఆమె కాళ్ళు దాటుకుని నడుస్తున్నారు. ఊరికే కూర్చోలేక, పాత వీలునామాలో ఏం రాశారో ఒకసారి చదవమని వెంకటసుబ్బయ్యను అడిగింది. రాయించిన రోజు విన్నదే గాని గుర్తు లేదు.

ఆయన బొగ్గుగీతల మధ్య నుంచి చదివాడు. "నాకు సంతానము లేనందునను, పసితనము నుండి నా చేతులలో పెరిగి, నన్ను కన్నతల్లి వలె చూచుకొనుచున్న నా మరిది కుమారుడు యల్లయ్య నాకు కొడుకే గనుకను..."

"మల్లొకసారి."

ఆయన మళ్ళీ చదివాడు. మూడోసారి అడగడానికి ఆమెకు సిగ్గేసింది.

అబ్బాస్ అలీ తిరిగి వచ్చినప్పుడు సైకిలు వెనక కూర్చున్న మనిషి దిగాడు. తల నుంచి కాళ్ళదాకా పలకల ధూళి, బూడిదరంగులో ఉన్నాడు. జుట్టు నెరిసిందో, ధూళి పడిందో తెలియడం లేదు. ముందు దగ్గు వినబడింది, తర్వాత అంకాలమ్మకు ఆ నిలబడే తీరు తెలిసింది. ఎడమకాలు మీద బరువు వేసి, కుడికాలు కొంచెం వంచి. వాళ్ళ పెదనాన్న కూడా మంద దగ్గర అట్లాగే నిలబడేవాడు.

"తప్పయితే తిట్టు అవ్వా" అన్నాడు అబ్బాస్ అలీ. "రేపు కాదనాల్సినోడు ఒక్కడే ఉన్నాడు. వాడే సంతకం పెడితే ఇంక కాదనేది ఎవరు? సంగతంతా చెప్పే తీసుకొచ్చినాను."

అంకాలమ్మ తిట్టలేదు. యల్లయ్య ఆమె ముఖం చూడకుండా వెంకటసుబ్బయ్యతో అన్నాడు, "నాకు ఆ చేను వద్దు సార్. యాడ పెట్టమంటే ఆడ పెడతా. పనిలో గంట పర్మిషన్ మీద వచ్చినాను."

లోపల రిజిస్ట్రారు కొత్త మనిషి. ముఖం ఎత్తకుండా అడిగేవి అడుగుతున్నాడు. మునుపటి వీలునామాను నీ ఇష్టంతోనే రద్దు చేస్తున్నావా? ఎవరైనా బలవంతం పెట్టారా? ఆస్తి ఎవరికి రాస్తున్నావో తెలుసా? అన్నిటికీ జవాబు చెప్పింది. ఇంకుదిండు మీద బొటనవేలు అద్ది కాగితం మీద వేసింది. ముద్ర అలుక్కుపోకుండా ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుంది. సాక్షులిద్దరూ చూస్తున్నారు. చూడడమే వాళ్ళ పని.

అబ్బాస్ అలీ సంతకం పెట్టాడు. తర్వాత యల్లయ్య పెట్టాడు. ఒక్కొక్క అక్షరం విడివిడిగా, గుండ్రంగా, తర్లుపాడు బడిలో నేర్చుకున్నట్టే. బడికి పోనని ఏడిస్తే ఆమె బెత్తం పట్టుకుని వెంటపడి నేర్పించిన అక్షరాలవి.

"ఈమెను నువ్వెరుగుదువా?" రిజిస్ట్రారు యల్లయ్యను అడిగాడు. అందరినీ అడిగే ప్రశ్నే అది.

"ఎరుగుదును సార్."

"ఎంతకాలంగా?"

యల్లయ్యకు దగ్గు వచ్చింది. అది తగ్గేదాకా ఆయన కలం పట్టుకుని ఆగాడు.

"నాకు మాటలు రానప్పట్నుంచి."

"నీకేమవుతుంది?"

అక్కడ నిలబడిన వాళ్ళలో ఆ ప్రశ్న బరువు తెలిసినవాళ్ళు ముగ్గురే. అంకాలమ్మ తన ఇంకు వేలు కేసి చూసుకుంటూ ఉంది. ఏదో ఒకటి అనరా నాయనా అనుకుంది. పెద్దమ్మ అను. చట్టానికి పుల్ల తెలియదు గదా, ఈ గదిలో అనొచ్చు గదా.

"ఏమీ కాదు సార్. తెలిసినామె, అంతే."

అతని గొంతులో కోపం లేదు. కులం ముందు ఆమే తేల్చిన సంగతిని అతను మర్యాదగా పాటించాడు. రిజిస్ట్రారు తలూపి రాసుకున్నాడు.

బయటికి వచ్చాక అంకాలమ్మ అబ్బాస్ అలీ వైపు తిరిగి, "అన్నం తిన్నాడేమో అడుగు నాయనా" అంది. మనిషి మూరెడు దూరంలో ఉన్నాడు.

"తిన్నానని చెప్పు భాయ్" అన్నాడు యల్లయ్య.

"దగ్గుకు మందు వాడుతున్నాడేమో అడుగు."

"వాడుతున్నానని చెప్పు."

అడగాల్సింది కొండంత ఉంది, అంతా అబ్బాస్ అలీ నోటితో అడగడం ఎట్లా? యల్లయ్య ఆమె కాళ్ళ వైపు ఒకసారి వంగినట్టే వంగి, జారిన తువ్వాలు తీసుకుని భుజాన వేసుకుని, కార్ఖానా దారిన నడిచి వెళ్ళాడు.

వెంకటసుబ్బయ్య పాత కాగితాన్నీ పుల్లముక్కనూ ఆమె చేతిలో పెట్టాడు. "ఇంక దీంతో పని లేదు. ఇంటికి పోయి కాల్చెయ్యి. శ్రీశైలమ్మ కొట్టానికి ఇంక ఢోకా లేదు."

"మంచిది స్వామీ" అని దిగబోయి ఆగింది. "మనిషి బతికున్నంత కాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు అంటివే."

ఆయన కంగారుపడ్డాడు. "ఇంకా సిరా ఆరలేదమ్మా. అప్పుడే మళ్ళా మారుస్తావా?"

"కాగితం సంగతి కాదు. పుల్లకు అట్లాంటి దోవ ఏమన్నా ఉందా అని."

వెంకటసుబ్బయ్య కళ్ళజోడు తీశాడు. తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"అది నా దగ్గర లేదమ్మా. మీ పెద్దమనిషిని అడగాల."

"ఆయన పోయినాడు" అని చెప్పి అంకాలమ్మ మెట్లు దిగింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని పాత కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుంది. తను పుల్ల విరిచిన సంగతి ఈ కాగితానికి ఎవరూ చెప్పలేదు. ఇన్నేళ్ళూ పెట్టె అడుగున పడి, ఇది యల్లయ్యను కొడుకే అంటూ వచ్చింది. అంటే ఈ పొద్దుటిదాకా, తనకు తెలియకుండానే, తనకొక కొడుకు ఉన్నాడు. ఇద్దరు సాక్షుల ముందు ఇంకు అద్దిన వేలితో తను వాణ్ణి పోగొట్టుకుంది. చెయ్యక తప్పని పనే చేసింది. మాట ఇచ్చింది కాబట్టి రేపైనా అదే చేసేది. అయినా కళ్ళ నీళ్ళు ఆగలేదు. పక్కన కూర్చున్న అబ్బాస్ అలీ చూసీ చూడనట్టు అవతలికి తిరిగి కూర్చున్నాడు.

ఇల్లు చేరేసరికి మంద తిరిగొచ్చింది. శ్రీశైలమ్మ పొయ్యి ముట్టిస్తోంది. అంకాలమ్మ కొత్త కాగితం ఆమె చేతిలో పెట్టి, "దాచుకో, పని అయింది" అంది. శ్రీశైలమ్మ దాన్ని రెండు చేతులతో అందుకుని కళ్ళకు అద్దుకుంది. పొయ్యిలోకి పుల్లలు ఎగదోసింది. తర్వాత ముసలమ్మ ఒళ్ళో ఉన్న రెండో కాగితం చూసింది.

"అదేంది అత్తా? పాతదేనా? ఇట్ల తే, పొయ్యిలో వేస్తా. మంట అందుకుంటాది."

అంకాలమ్మ కాగితాన్ని ఎప్పటిలాగే పుల్ల చుట్టూ చుట్టి పెట్టె తెరిచింది.

"ఉండనీలే" అంది. "చెల్లదంట. ఉంటే ఏమవుతుంది."